కుక్క వినేది మీ కాళ్ళ మాట

కుక్కల చేత అడ్డుకర్రలు దూకించే, టన్నెళ్ళు దాటించే అజిలిటీ క్లాసుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. ఎదురుగా ఒక అడ్డుకర్ర. దానికి కొంచెం కుడిపక్కగా టన్నెల్ నోరు తెరుచుకుని ఉంటుంది. యజమాని అడ్డుకర్ర వైపు చెయ్యి చాచి "జంప్" అంటాడు. కుక్క రివ్వున వెళ్ళి టన్నెల్లో దూరుతుంది. "నో, నో!" అని అరుస్తాడు. రెండోసారీ అంతే. మూడోసారి కుక్క ఉన్నచోటే చతికిలబడి చెవి గోక్కుంటుంది. "ఇవాళ దీనికి మూడ్ లేదండీ" అని ఆయన తీర్పు చెప్పేస్తాడు. గోడ పక్కన నిలబడ్డ శిక్షకురాలు ఇంతసేపూ కుక్కను చూడనే లేదు, ఆయన బూట్లను చూస్తోంది. చెయ్యి అడ్డుకర్రను చూపిస్తోందే గానీ బూట్ల కొనలు, భుజాలు టన్నెల్ వైపు తిరిగి ఉన్నాయి. కుక్క ఆయన ఒళ్ళు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది. చెప్పింది ఒకటి, చూపించింది ఇంకొకటి అయినప్పుడు చూపించినదాన్నే నమ్మింది.

ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు కొత్త కాదు. పిల్లవాడు చదవకపోతే వాడికి శ్రద్ధ లేదంటాం, కింద పనిచేసేవాడు తప్పు చేస్తే వాడికి బుర్ర లేదంటాం. ఎదుటివాడిని దిద్దబోయే ముందు వాడికి మననుంచి ఏ సంకేతం అందిందో చూసుకోవాలన్నదే ఈ అధ్యాయం సారం. ఆ అలవాటు నేర్చుకోవడానికి కుక్కను మించిన గురువు దొరకదు. అది మొహమాటానికి తల ఊపదు, అర్థం కానిదాన్ని అర్థమైనట్టు నటించదు.

పగ్గం లేని పందెం

1978లో లండన్ ఒలింపియా హాల్లో క్రఫ్ట్స్ డాగ్ షో జరుగుతోంది. పెద్ద పోటీల మధ్య విరామంలో ప్రేక్షకులను కూర్చోబెట్టడానికి ఏదైనా వినోదం కావాలని కమిటీ సభ్యుడు జాన్ వార్లీ అనుకున్నాడు. గుర్రపు స్వారీలో అడ్డుకర్రలు దూకించే పోటీల మీద ఆయనకు మక్కువ. శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ సాయంతో అలాంటిదే కుక్కలకు తయారుచేశారు. అదే అజిలిటీ. జనానికి అది ఎంత నచ్చిందంటే, 1980 కల్లా బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని క్రీడగా గుర్తించింది. అమెరికాలో 1986లో యూఎస్‌డీఏఏ అనే సంస్థ దీనికోసమే పుట్టింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్, అంటే ఏకేసీ, 1994లో పోటీలు మొదలుపెట్టింది.

గుర్రం నుంచి కుక్కకు వచ్చేసరికి ఒకటి మాయమైంది: కళ్ళెం. రౌతు గుర్రం మీద కూర్చుని పగ్గంతో, మోకాళ్ళతో దాన్ని తిప్పుకుంటాడు. అజిలిటీలో మొదటి అడ్డుకర్ర ముందే లీష్ విప్పేయాలి. ఆ తర్వాత కుక్కను ముట్టుకోకూడదు. ఏకేసీ పోటీ బరిలోకి తిండి తీసుకెళ్ళకూడదు. మిగిలేవి మీ పరుగు, భుజాలు, పాదాలు, చూపు, గొంతు. కుక్క వీటిని పట్టించుకునే వరుస కూడా దాదాపు ఇదే. మనం అన్నిటికన్నా ఎక్కువగా నమ్ముకునే గొంతు అన్నిటికన్నా చివర.

సెంటర్ ఎలా ఎంచుకోవాలి

అమెరికా నగరాల శివార్లలో, మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట్ల కూడా, ఇలాంటి శిక్షణ కేంద్రాలు ఉంటాయి. పాత గోదాముల్లోనో గుర్రాల షెడ్లలోనో నడిచేవి చాలా. చేరేముందు కుక్కను ఇంట్లో వదిలి, ఒక క్లాసు ఊరికే కూర్చుని చూసి రండి. మూడు విషయాలు గమనించండి.

మొదటిది నేల. కృత్రిమ గడ్డి, రబ్బరు మ్యాట్లు, మెత్తగా దున్నిన మట్టి ఏదైనా ఫరవాలేదు. కాంక్రీటు మీద పల్చటి చాప పరిచి దూకిస్తుంటే అక్కడినుంచే వెనక్కి వచ్చేయండి. పరుగులో మలుపు తిరిగే కుక్కకు కాలు జారితే భుజం పట్టేస్తుంది.

రెండోది శిక్షకుడి చూపు. కుక్క తప్పినప్పుడు అతను కుక్కను తిడుతున్నాడా, యజమానికి ఏదైనా చెబుతున్నాడా? రెండో రకం మనిషి దగ్గర చేరండి.

మూడోది కుక్కల ఖాళీ సమయం. గంట క్లాసులో అయిదారు కుక్కలుంటే ఒక్కోదానికి పట్టుమని పది నిమిషాలే వస్తుంది. మిగతా సమయం క్రేట్లో ప్రశాంతంగా పడుకునే ఏర్పాటు ఉండాలి. పక్క కుక్కను చూసి మొరుగుతూ గంటసేపు లీష్ లాగే కుక్కకు ఇక నేర్చుకునే ఓపిక ఉండదు.

మా కుక్క మేలుజాతిది కాదే అన్న సందేహం వద్దు. న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ షోలో 2014 నుంచి అజిలిటీ చాంపియన్‌షిప్ కూడా నడుస్తోంది. 2024లో దాన్ని గెలిచిన నింబుల్ సంకరజాతి కుక్క, అదీ 12 అంగుళాల ఎత్తు దూకే చిన్న వర్గంలోది. అయితే వయసు, ఒళ్ళు మాత్రం చూసుకోవాలి. ఏకేసీ పోటీకి కనీసం 15 నెలలు నిండాలి. బ్రిటన్‌లో 18 నెలలు. ఎముకలు ముదరకముందే పూర్తి ఎత్తు దూకిస్తే కీళ్ళు చెడతాయి. బరువెక్కిన కుక్క అయితే ముందు బరువు తగ్గించి, వెటర్నరీ డాక్టరుకు చూపించి, అప్పుడు మొదలుపెట్టండి.

మొదటి నెలలు నేలమీదే

కొత్తవాళ్ళ తొందరంతా అడ్డుకర్రల మీదే. మంచి సెంటర్లో మొదటి కోర్సులో వాటిని దాదాపు ముట్టుకోనివ్వరు. పిలిస్తే రావడం, చెప్పేదాకా కదలకుండా కూర్చోవడం, అరచేతికి ముక్కు తాకించడం, ఒక శంకువు చుట్టూ తిరిగి రావడం, నేలమీద పరిచిన పలక మీద నాలుగు కాళ్ళూ చూసుకుని నడవడం. చాలా కుక్కలకు తమకు వెనక కాళ్ళున్నాయన్న స్పృహే తక్కువ. ముందుకాళ్ళు ఎటు పోతే వెనకవి అటు వస్తాయి, అంతే. ఎత్తయిన పలక మీద నడవాలంటే ఆ స్పృహ రావాలి.

ఇంట్లో మాటలు కూడా కుదుర్చుకోండి. నాయనమ్మ "కూర్చోరా బంగారం" అని, పిల్లలు "సిట్" అని, మీరు "ఏయ్, కూచో కూచో" అని అంటుంటే ఆ కుక్క ముగ్గురు యజమానులకు మూడు ఉద్యోగాలు చేస్తున్నట్టే. తెలుగైనా ఇంగ్లీషైనా ఇబ్బంది లేదు. ఒక పనికి ఒక మాట, ఇంటిల్లిపాదికీ అదే మాట, ఒక్కసారే అనాలి.

బహుమతి విషయంలో పిసినారితనం పనికిరాదు. శాకాహారుల ఇళ్ళలో చీజ్ ముక్కలు, ఉడికించిన చిలగడదుంప చక్కగా పనికొస్తాయి. చిటికెన గోరంత ముక్క చాలు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, జైలిటాల్ కలిసిన పీనట్ బటర్ మాత్రం కుక్కకు విషం. ముక్క ఎక్కడ ఇస్తారన్నది కూడా ముఖ్యమే. పని ఎక్కడ పూర్తవ్వాలో అక్కడే ఇవ్వాలి. పలక చివర ఆగమని నేర్పుతూ ముక్క మీ జేబు దగ్గర ఇస్తే, అది పలకను వదిలి జేబు దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

మూడు పరీక్షలు

అడ్డుకర్రలు, టన్నెల్, టైరు కుక్కలకు తొందరగా వస్తాయి. నిజంగా సమయం తీసుకునేవి మూడు.

మొదటిది కాంటాక్ట్. ఏ-ఫ్రేమ్, అంటే ఇంటికప్పులా వాలుగా నిలబెట్టిన రెండు పలకలు. డాగ్‌వాక్, అంటే అడుగు వెడల్పున్న పలకల వంతెన. వీటి చివర పసుపు రంగు వేసి ఉంటుంది. దిగేటప్పుడు ఆ పసుపు మీద కనీసం ఒక కాలైనా పడాలి. పైనుంచే దూకేస్తే తప్పు. ఎత్తునుంచి దూకే కుక్క దెబ్బలు తగిలించుకుంటుందని పెట్టిన నియమం ఇది. దీన్ని ఇంటి మెట్ల మీదే మొదలుపెట్టొచ్చు. చివరి మెట్టు మీద వెనక కాళ్ళు, నేలమీద ముందుకాళ్ళు. అలా ఆగితే ముక్క. రోజుకు నాలుగుసార్లు చాలు. ఆ భంగిమ స్థిరపడ్డాక పలక మీదికి వెళ్ళండి.

రెండోది టీటర్. పార్కులో పిల్లలు ఊగే సీ-సా లాంటిదే. కుక్క ఒక్కటే ఎక్కి, మధ్య దాటగానే పలక దడాలున కింద పడుతుంది. కుక్క భయపడేది రెండింటికి: కాళ్ళకింద కదలిక, చెవిలో పడే చప్పుడు. రెంటినీ కలిపి ఒకేసారి నేర్పితే కొన్ని కుక్కలు జన్మలో మళ్ళీ ఎక్కవు. అందుకే విడదీయాలి. పలక నేలకు బెత్తెడు ఎత్తులో ఉంచి, కుక్క తన ముందుకాలితో దాన్ని కిందికి కొట్టేలా ఆడించాలి. చప్పుడు చేసింది తనే అని తెలిశాక ఆ చప్పుడంటే సరదా పుడుతుంది. ఎత్తు ఆ తర్వాత, కొద్దికొద్దిగా. భయపెట్టే పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వాళ్ళ చేతిలో పెట్టడం మనుషుల విషయంలోనూ పనిచేస్తుంది.

మూడోది వీవ్ పోల్స్. రెండడుగుల ఎడంతో వరసగా నిలబెట్టిన 12 దాకా కర్రలు. వాటి మధ్యనుంచి పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. ఏ దిక్కునుంచి వచ్చినా మొదటి కర్ర కుక్క ఎడమ భుజానికి తగిలేలా ప్రవేశించాలి. ఏ కుక్కా పుట్టుకతో ఇలా నడవదు. కెనడా శిక్షకురాలు సూసన్ గ్యారెట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రెండు కర్రలతో మొదలుపెట్టి, ప్రవేశం ఎటునుంచైనా కుదిరాక మరో రెండు చేర్చుకుంటూ పోతారు. ఇంకో పద్ధతిలో కర్రలను రెండు వరసలుగా విడదీసి మధ్యలో సందు ఉంచి, రోజురోజుకూ దాన్ని ఇరుకు చేస్తారు. ఏ పద్ధతైనా నెలలు పడుతుంది. వెన్నుకు శ్రమ ఎక్కువ కాబట్టి ఒక పూటకు కొద్దిసార్లే. బాగా చేసింది కదా అని "ఇంకొక్కసారి" అనే ఆశ దగ్గరే చాలామంది చెడగొట్టుకుంటారు. బాగా చేసిన చోటే ఆపేయండి.

సంకేతానికి వేళ

పోటీ బాటలో, అంటే కోర్సులో, రెండు అడ్డుకర్రల మధ్య దూరం తరచు 18, 20 అడుగులు. చురుకైన కుక్క సెకనుకు ఐదారు గజాలు పరుగెడుతుంది. అంటే ఒక అడ్డుకర్రకూ తర్వాతిదానికీ మధ్య మీకున్నది సుమారు ఒక్క సెకను. ఎడమకు తిరగాలా, తిన్నగా పోవాలా అన్నది కుక్క నేల విడవకముందే తేల్చుకుంటుంది. తిరగాల్సి ఉంటే దగ్గరగా, గుండ్రంగా దూకుతుంది. తిన్నగా పోవాల్సి ఉంటే బారుగా దూకుతుంది. అది గాల్లో ఉండగా మీరు "ఎడమ!" అని కేక వేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. బారుగా దూకేసిన కుక్క కాళ్ళు నేలను తాకాక మెలికపడి తిరగాలి. కర్ర పడేది, కాలు బెణికేది అప్పుడే.

అందుకే దిక్కు మార్చడానికి హ్యాండ్లర్లు, అంటే కుక్కను నడిపించేవాళ్ళు, మూడు పద్ధతులు వాడతారు. కుక్కకు ముందుగా చేరుకుని, దానివైపు ముఖం తిప్పుకుంటూ పక్క మారడం ఫ్రంట్ క్రాస్. కుక్కను ముందుకు పంపి వెనకనుంచి దాటడం రియర్ క్రాస్. దానికి వీపు చూపించి ముందునుంచే దాటడం బ్లైండ్ క్రాస్. పరుగు తక్కువైనవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు రియర్ క్రాస్‌తో, దూరం నుంచి పంపే శిక్షణతో నెట్టుకురాగలరు. ఏది వాడినా, కుక్క మలుపుకు ముందున్న అడ్డుకర్రకు బయల్దేరుతుండగానే మొదలవ్వాలి.

కదలకుండా ఉండటం కూడా సంకేతమే. ఒక క్లాసులో ఒకావిడ తన చిన్న కుక్కను మొదటి అడ్డుకర్ర ముందు కూర్చోబెట్టి, దాని మీదికి వంగి, వేలు చూపిస్తూ "స్టే... స్టే... స్టే..." అంటోంది. అది ముఖం పక్కకు తిప్పి, నాలుకతో మూతి నాక్కుని, లేచి నేల వాసన చూడటం మొదలుపెట్టింది. శిక్షకురాలు ఆవిడను నిటారుగా నిలబడమంది. ఒక్కసారే "స్టే" అని, ఇటు తిరిగి నడిచి వచ్చేయమంది. కుక్క కదల్లేదు. వంగిన ఒళ్ళు చిన్న కుక్కకు బెదిరింపు. ఆవులించడం, మూతి నాక్కోవడం, నేల వాసన చూడటం, ఉన్నట్టుండి పిచ్చిగా చక్కర్లు కొట్టడం మొండితనంలా కనిపిస్తాయి. చాలాసార్లు అవి ఒత్తిడి గుర్తులు. వాటిని చూసినప్పుడు గొంతు పెంచకండి, పని తగ్గించండి.

పోటీ రోజు

పోటీని ట్రయల్ అంటారు. ఎంట్రీ ముందుగానే పంపాలి. సంకరజాతి కుక్కయినా ఏకేసీలో నమోదు నంబరు తీసుకోవచ్చు. దూకే ఎత్తు నిర్ణయించడానికి కుక్కను భుజాల దగ్గర కొలుస్తారు. 11 దాటి 14 అంగుళాల లోపుంటే 12 అంగుళాలు, 18 లోపుంటే 16, అలా. వయసు మళ్ళిన కుక్కలకు అనువుగా నాలుగు అంగుళాలు తగ్గించి దూకించే ప్రిఫర్డ్ తరగతి ఉంది.

పోటీదారుగా వెళ్ళేముందు ఒక ట్రయల్‌కు స్వచ్ఛంద సేవకుడిగా వెళ్ళండి. పడిన కర్రలు తిరిగి పెట్టే పని అడగండి. బరి మధ్య కుర్చీ వేసి కూర్చోబెడతారు. పదుల కొద్దీ కుక్కలు అదే కోర్సులో మీ కళ్ళముందు పరుగెడతాయి. ఒకే మలుపు దగ్గర ఎందుకు అందరూ తప్పుతున్నారో, తప్పనివాళ్ళు రెండడుగుల ముందు ఏం చేశారో అక్కడ తెలిసినంతగా క్లాసులో తెలియదు.

పరుగుకు ముందు కుక్క లేకుండా కోర్సు నడవడానికి కొద్ది నిమిషాలు ఇస్తారు. నంబర్లు వేసిన శంకువులు ఉంటాయి. తొలి స్థాయి కోర్సుల్లో 14 నుంచి 16 దాకా సాధనాలు, పై స్థాయిలో 20 వరకూ. కొత్తవాళ్ళు నంబర్లు బట్టీ పట్టడంతోనే ఈ సమయం గడిపేస్తారు. మీరు నంబర్లను ఒక్క చుట్టులో చూసేసి, రెండో చుట్టు కుక్క ఎత్తుకు వంగి నడవండి. ఈ అడ్డుకర్ర దిగాక దాని కంటికి ఎదురుగా ఏది కనిపిస్తుంది? టన్నెల్ నోరు కనిపిస్తే అక్కడ మీ భుజం ముందే తిరిగి ఉండాలి. మూడో చుట్టు పరుగెత్తండి. నడకలో కుదిరిన అడుగులు పరుగులో కుదరవు.

ఏకేసీ తొలి స్థాయి నావిస్‌లో 100కు 85 వస్తే అర్హత. దాన్నే అక్కడివాళ్ళు "క్యూ" అంటారు. కనీసం ఇద్దరు వేరువేరు జడ్జిల దగ్గర మూడు క్యూలు వస్తే మొదటి టైటిల్. దారి తప్పినా, ఒకసారి అడ్డుకర్ర ముందు ఆగినా ఈ స్థాయిలో కొంత సహిస్తారు. కర్ర పడితే మాత్రం ఆ పరుగుకు క్యూ పోయినట్టే.

క్యూ పోయిందని తెలిసిన క్షణంలో మీరేం చేస్తారన్నదే అసలు పరీక్ష. కర్ర పడిన చప్పుడుకు తల పట్టుకుని ఆగిపోయే హ్యాండ్లర్‌ను చూడండి. కుక్కకు క్యూ అంటే తెలియదు, కర్ర పడటం తప్పని తెలియదు. తను పరుగెత్తుతుండగా తనవాళ్ళ ముఖం ఉన్నట్టుండి మాడిపోయిందని మాత్రం తెలుస్తుంది. తర్వాతి పరుగులో అది నెమ్మదిస్తుంది, వెనక్కి వెనక్కి చూస్తుంది. అనుభవజ్ఞులు కర్ర పడినా అదే ఊపుతో పూర్తి చేసి, బయటికి రాగానే కుక్కకు ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ తర్వాత తీరిగ్గా వీడియో చూసుకుంటారు.

ఇంట్లో, ఆఫీసులో

ఈ క్రీడ నేర్పిన చూపును కుక్కకే పరిమితం చేయకండి. "సెల్లు పక్కన పెట్టి చదువుకో" అని చెప్పే తండ్రి చేతిలో సెల్లుంటే పిల్లవాడికి అందింది ఏ సంకేతం? "ఏ సందేహమున్నా అడగండి" అంటూ గడియారం చూసుకునే మేనేజరును ఎవరు అడుగుతారు? పని చెడ్డాక చెప్పిన సూచన కుక్క గాల్లో ఉండగా వేసిన కేక లాంటిదే. మనుషులు కుక్కల్లా టన్నెల్లో దూరి మన పొరపాటును అక్కడికక్కడే బయటపెట్టరు. మనసులో పెట్టుకుంటారు. అందుకే మనుషుల దగ్గర మన సంకేతం సరిదిద్దుకోవడానికి ఏళ్ళు పడుతుంది, కుక్క దగ్గర ఒక సాయంత్రం చాలు.

ఈ వారం చేయవలసినవి

ఒకటి: ఇంట్లో కుక్కకు వాడే మాటలన్నీ కాగితం మీద రాసి, ఒక పనికి ఒక మాటే ఉంచి, ఫ్రిజ్ తలుపుకు అంటించండి. వచ్చే చుట్టాలకు కూడా చూపించండి.

రెండు: నోరు విప్పకుండా కుక్కను గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు, ఒక కుర్చీ చుట్టూ తిప్పి తీసుకురండి. ఎక్కడ అది తికమకపడిందో అక్కడ మీ పాదాలు ఎటున్నాయో చూసుకోండి. పెరట్లో గడ్డి మీదైతే ఇంకా మంచిది, నున్నటి టైల్స్ మీద పరుగెత్తించకండి.

మూడు: క్లాసులో మీ పరుగును ఎవరిచేతనైనా ఫోన్లో తీయించండి. నిదానంగా తిప్పి చూడండి. కుక్క తప్పు దారి పట్టిన చోట ఆపి, అక్కడినుంచి ఒక సెకను వెనక్కి వెళ్ళండి. ఆ చిత్రంలో కుక్కను వదిలేసి మిమ్మల్ని మీరు చూసుకోండి.

నాలుగు: ఒక తప్పు రెండుసార్లు జరిగితే మూడోసారి అదే చేయించకండి. కర్ర దించండి, దూరం తగ్గించండి, లేదా మీరు నిలబడే చోటు మార్చండి. ఏదో ఒకటి మారకుండా మూడోసారి అడగడం తప్పును అలవాటు చేయడమే.

అయిదు: కుక్క ఇంకా చేయాలని ఉత్సాహంగా ఉన్నప్పుడే క్లాసు ముగించి, లీష్ తగిలించి, ఇంటికి తీసుకెళ్ళండి. వచ్చే వారం తలుపు దగ్గర అది మిమ్మల్ని లోపలికి లాక్కెళ్తుంటే మీ శిక్షణ సరైన దారిలో ఉన్నట్టు.